నంబరు తెలియని ఇంజను

నేను ఇన్నేళ్లూ ఏమీ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. బడి రైలు పట్టాలకు అవతల ఉండేది, మా ఇల్లు ఇవతల. మా నాయన బేతంచెర్ల దగ్గర చిన్నలైను మీద గేట్‌మ్యాన్. బడిగంట కొట్టే వేళకే నంద్యాల వైపు పోయే ప్యాసింజరు వచ్చేది. గేటు వేయాలి, పచ్చజెండా పట్టుకుని నిలబడాలి, బండి పోయాక గేటు తీయాలి. ఆ వేళకు నాయన సద్ది తింటూ ఉండేవాడు. అమ్మ అప్పటికే నాపరాళ్ల గనికి పోయి ఉండేది. ఇంట్లో పెద్దపిల్లను నేనే కాబట్టి జెండా నాది. గేటు తీసి పరుగెత్తినా బడిలో ప్రార్థన అయిపోయేది. ఆలస్యంగా వచ్చినవాళ్లను అయ్యవారు వాకిట్లోనే నిలబెట్టేవాడు. వాకిట్లో నిలబడడానికి అంత దూరం పోవడమెందుకు, మా గేటు దగ్గర కూడా నిలబడేదే కదా అని కొన్నాళ్లకు మానేశాను.

అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. కర్నూల్లో మా వీధిలోనే ఉండే ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట ఆడవాళ్లను తన వసారాలో కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే నేను చదువు కోసం పోలేదు. వాళ్ల వసారాలోకి తుంగభద్ర గాలి బాగా వస్తుంది. గాలి కోసం పోయి కూర్చుంటే రెండేళ్లకు చదవడం వచ్చింది, ఇంకో ఏడాదికి రాయడం వచ్చింది. ఇప్పటికీ ఒత్తులు రాసేటప్పుడు నా నాలుక బయటికి వస్తుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఆయన ఎగతాళి చేయదగ్గ మనిషేమీ కాదు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి, బతుకంతా బస్సుల కింద పడుకుని, రిటైరయ్యాక బొమ్మ రైళ్లతో ఆడుకుంటున్న మనిషి. మా మనవరాలి పుట్టినరోజుకని మా అమ్మాయి ఒక రైలు తెచ్చింది. గుండ్రటి పట్టాలు, కరెంటుతో నడిచే చిన్న ఇంజను, రెండు పెట్టెలు. మనవరాలు ఒక పూట ఆడి వదిలేసింది. ఆ పూట దాని పక్కన కూర్చున్న తాతకు మాత్రం అది పట్టుకుంది. నెల తిరక్కుండా మిద్దె మీది గదిలో రెండు పాత తలుపులు బల్లలా పడుకోబెట్టి, వాటి మీద పట్టాలు పరిచాడు. పట్టాల మధ్య ఎడం సరిగ్గా నా బొటనవేలి వెడల్పు. పక్కన వేయడానికని ఆకుపచ్చ గడ్డి లాంటి పొడి పొట్లాలు తెప్పించాడు.

"ఇది యాడి ఊరయ్యా? ఇంత పచ్చగ మన పక్క ఎప్పుడన్నా చూసినావా?" అన్నాను.

"బొమ్మ గదమ్మే. బొమ్మకన్నా వాన పడనీ."

మరుసటి వారం ఆయన లేనప్పుడు ఆ గడ్డి ఊడ్చేసి, ఎర్రమట్టి జల్లెడ పట్టి పోశాను. తుమ్మకొమ్మలు తుంచి గుచ్చాను. శనక్కాయ పొట్టుతో వాములు వేశాను. ఆయన వచ్చి చూసి కాసేపు అలిగి, తర్వాత వంగి, కళ్లు పట్టాల ఎత్తుకు తెచ్చి చూశాడు. "ముద్దనూరు దాటినాక ఇట్లే ఉంటాది" అన్నాడు. అప్పటినుంచి నేనూ ఆ ఆటలో భాగస్తురాలినే.

ఇక్కడ మా ఇంటి పాత తగాదా ఒకటి చెప్పాలి. ఆయనది కడప జిల్లా, యర్రగుంట్ల పక్కన ఊరు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే పెద్దలైను వాళ్ల పొలాల పక్కనుంచే పోతుంది. నాది కర్నూలు జిల్లా, చిన్నలైను. పట్టాల మధ్య ఎడం తక్కువ, బండి చిన్నది, పరుగూ తక్కువే. పెళ్లైన నాటి నుంచీ దీని మీద మాటలు నడుస్తూనే ఉన్నాయి.

"మీ చిన్నలైను బండి కంటే మా ఎద్దులబండి ముందు పోతాది" అంటాడు ఆయన.

"మీ పెద్దలైను బండి మీ ఊర్లో నిలబడితే గదా? మొగాన దుమ్ము కొట్టి పోతాది. మాది చెయ్యెత్తితే ఆగుతాది" అంటాను నేను.

ఇంజను కొనాల్సి వచ్చినప్పుడల్లా ఈ తగాదా పైకి లేచేది. ఆవిరి ఇంజన్లే కొనాలన్నది ఇద్దరికీ ఒప్పుదలే. డీజిలు ఇంజను మొహం బీరువాలా ఉంటుంది. కానీ ఏ ఆవిరి ఇంజను అన్నదగ్గర ఆయన దారి వేరు, నా దారి వేరు. ఆయన ఫోనులో బొమ్మలు చూసి ఎన్ని చక్రాలు, ఎంత లాగుతుంది అని చూస్తాడు. నేను ముందు పొగగొట్టం చూస్తాను. తర్వాత డ్రైవరు నిలబడే చోట మనిషి మోచెయ్యి ఆనించి బయటికి వంగడానికి వీలుందా అని చూస్తాను. అక్కడ మనిషి వంగి చూడలేకపోతే గేటు దగ్గర నిలబడ్డ పిల్ల వాడికి ఎలా కనపడుతుంది? ఒకసారి ఇంగ్లీషు దొరల దేశపు ఇంజను ఒకటి పాతది దొరికింది. ఆకుపచ్చ రంగు, ఇత్తడి మెరుపులు, అన్నీ బాగున్నాయి, ముందర లైటు మాత్రం లేదు. "లైటు లేని ఇంజను దొంగతనానికి పోయేదా?" అన్నాను. అయినా తెచ్చాడు. దానికి దొరగారు అని పేరు పెట్టాను. ఇంకొకటి నెత్తిన గంట, ముందర పశువులను తోసే ఇనుప కంచె ఉన్న అమెరికా ఇంజను. అది తిరుగుతుంటే గుడి ఉత్సవంలా ఉంటుంది. మూడోది పొట్టిది, నీళ్లు తన పొట్టకే కట్టుకుని తిరుగుతుంది. అది నాకు చాలా ఇష్టం.

కానీ వాటిలో ఒక్కటీ మన దేశపుది కాదు. మన ఇంజన్ల బొమ్మలు అంగళ్లలో దొరకవు. అలా వెతుకుతుంటే కర్నూలు పాత ఊర్లో ఒక గడియారాల సాయిబు సంగతి తెలిసింది. గడియారాలు బాగుచేయడం ఆయన పని, ఇత్తడి రేకు కత్తిరించి రైలింజన్లు చేయడం ఆయన పిచ్చి. ఏడాదికి ఒకటి చేస్తాడట. ఇద్దరం పోయాం. ఆయన కంటికి అద్దం పెట్టుకుని ఒక చేతిగడియారంలోకి చూస్తూ, తల ఎత్తకుండానే అంతా విన్నాడు.

"ఒక కన్ను ఆపరేషను అయినాది. రెండోది చేయల్ల. చెయ్యి గూడా వణుకుతాంది" అన్నాడు. "ఇంకొక్కటే చేస్తా. ఆ తర్వాత గడియారాలకు సెల్లులు మార్చుకుంటా కూచుంటా. ఏం కావల్లప్పా మీకు?"

మా ఆయన జేబులోంచి బొమ్మ ఉన్న కాగితం ఒకటి తీశాడు. పెద్దలైను మీద ఎక్స్‌ప్రెస్సు బండ్లు లాగిన ఇంజను, తుపాకి గుండులాంటి మూతి, మూతి మీద నక్షత్రం. కింద నంబరు కూడా రాసి పెట్టుకున్నాడు.

"నీకేం కావల్ల చెల్లెమ్మా?"

"మా గేటు కాడ పోయేది, చిన్నలైను ఇంజను."

"నంబరు చెప్పు."

"తెలీదు భాయ్. రోజూ నా మొగం ముందరే పోయేది. అప్పుడు నాకు అంకెలు రావు."

మా ఆయన నవ్వాడు. సాయిబు నవ్వలేదు. కంటి అద్దం తీసి నా వైపు చూశాడు. "నంబరు లేకుంటే శానా కష్టం. ఒకే రకం ఇంజన్లయినా దేని కథ దానిది. ఆదివారం మీ ఇంటికొచ్చి చూసినాక చెప్తా" అన్నాడు.

"ఇల్లు చూసేదేంది భాయ్?"

"పిల్లనిచ్చే ముందర ఇల్లు చూడరా? నా ఇంజన్లు యాడ తిరుగుతాయో చూడకుండా నేను ఇయ్యను."

ఇంటికి వస్తూ స్కూటరు మీద నేను ఆ ఇంజను గురించే ఆలోచించాను. ఆ చిన్నలైను ఎప్పుడో పీకేశారు. దాని బదులు పెద్దలైను వచ్చింది. మా గేటు పోయి పట్టాల కిందుగా దారి వచ్చింది, గేటిల్లు ఉన్నచోట ఇప్పుడు కంకర కుప్ప ఉంది. మా దగ్గర ఒక్క ఫోటో లేదు. నాయన లేడు, అమ్మ లేదు. బడికి పోయిన మా చెల్లెలికి బడే గుర్తు. ఆ ఇంజను ఎలా ఉండేదో చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. చేయగలిగేవాడు ఈ సాయిబు ఒక్కడే, అదీ ఒక్కసారే. కళ్లతో మళ్లీ ఒక్కసారి చూసుకోవాలని ఉంది, అంతే. మా ఆయనకు ఇది విడమరిచి చెప్పలేదు. నలభై ఏళ్లుగా చిన్నలైను అంటే నవ్వే మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. సాయిబును స్కూటరు మీద తీసుకురావడానికి, వస్తూ వస్తూ మిరపకాయ బజ్జీలు కట్టించుకురావడానికి మా ఆయన పోయాడు. ఇల్లు చూడడానికి వస్తున్నారంటే ఊరికే ఎలా కూర్చుంటాం? మిద్దె మీదికి పోయాను. మా ఇంటికి స్కూటరు వచ్చినా, కుట్టుమిషను వచ్చినా ఏం చేస్తామో అదే చేశాను. పట్టాల పొడుగునా జానెడుకొక పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. దొరగారికీ గంటల ఇంజనుకూ పొట్టిదానికీ నొసట బొట్లు. నిమ్మకాయలు అలాగే పెడితే ఆ చక్రాల కింద పట్టవని చిన్న చిన్న ముక్కలు కోసి, ఒక్కో ఇంజను ముందర పెట్టి, చేత్తో తోసి తొక్కించాను. కర్పూరం వెలిగించి చుట్టూ తిప్పాను. చూడడానికి కళకళలాడుతూ ఉంది.

వాళ్లు వచ్చారు. సాయిబు వాకిట్లో చెప్పులు విడిచి, మెట్లెక్కి, ఎర్రమట్టినీ తుమ్మకొమ్మలనూ చూసి తల ఊపాడు. నాకు ధైర్యం వచ్చింది. మా ఆయన పెళ్లికొడుకు తండ్రిలా గొంతు సవరించుకుని కరెంటు మీట తిప్పాడు.

దొరగారు ఒకసారి వణికి ఆగిపోయాడు. గంటల ఇంజను కదలనే లేదు. పొట్టిది నాలుగు అంగుళాలు పోయి, పసుపు బొట్టు మీద అలిగి నిలబడింది. మా ఆయన మొహం మాడిపోయింది. తీగ ఊడిందేమోనని, డిపో అలవాటు ప్రకారం వెంటనే బల్ల కింద వెల్లకిలా పడుకున్నాడు.

సాయిబు ఒక వేలు పట్టా మీద రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నిమ్మకాయ" అన్నాడు. "ఎవరు చేసినారమ్మా ఈ పూజ?"

"నేనే భాయ్. మీరు ఇల్లు చూసేకి వస్తారని."

బల్ల కిందనుంచి మా ఆయన గొంతు వచ్చింది. "దిష్టి తీస్తానని కాళ్లు ఇరగ్గొట్టినావు గదమ్మే."

సాయిబు నవ్వీ నవ్వీ కుర్చీలో కూర్చున్నాడు. కరెంటు పట్టాలోంచి చక్రంలోకి ఎక్కాలట, మధ్యలో పసుపు పొర ఉంటే ఎక్కదట. "మా వీధిలో గూడా కొత్త ఆటో వస్తే నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆటోకేం, పెట్రోలుతో పోతాది" అన్నాడు. "తడిగుడ్డ పెట్టొద్దు, తుప్పు పడతాది. పెన్సిలు గీతలు తుడిచే రబ్బరు ఉండాదా ఇంట్లో?"

రబ్బరా? ఆ వీధి మొత్తానికి నా అంత రబ్బరు అరగదీసిన మనిషి లేదు. రెండు తెచ్చాను. బల్ల చుట్టూ తిరుగుతూ పట్టాలను రుద్దడం మొదలుపెట్టాను. సాయిబు ఊరికే ఉండలేక అడగడం మొదలుపెట్టాడు.

"మీ గేటు కాడ పోయేదానికి చక్రాలెన్నమ్మా?"

"ఒక పక్క చూస్తే, ముందర ఇద్దరు పిల్లలు, నడుమ ముగ్గురు పెద్ద ఆడోళ్లు, ఎనక ఒక అవ్వ. నేనూ మా చెల్లెలూ అట్లనే చెప్పుకునేటోళ్లం."

"రెండు, మూడు, ఒకటి" అని సాయిబు వేళ్లు ముడిచాడు. "అది ప్యాసింజరు ఇంజనే. సరిపోయినాది. ఇంకా?"

ఇంకా చాలా చెప్పాను. నేను దాన్ని ఎప్పుడూ కిందనుంచే చూశాను కాబట్టి కిందివే ఎక్కువ తెలుసు. మా గేటు దగ్గర మిట్ట. మిట్ట ఎక్కేటప్పుడు బండి ఎంత మెల్లగా పోయేదంటే, నేను పక్కన నడుస్తూ ఫైర్‌మ్యాన్‌కు మజ్జిగ చెంబు అందించేదాన్ని. అతను తాగి, కాలితో ఒక పెద్ద బొగ్గు గడ్డను కిందికి తన్నేవాడు. అది మా పొయ్యికి. చెంబు మరునాడు తిరిగి వచ్చేది, దాని మీద నల్లటి బొటనవేలి ముద్రతో. అతను కాలు పెట్టే కింది మెట్టు ఒక పక్కకు వంగి ఉండేది. కూత మొదలు సన్నగా ఉండి చివర్లో బొంగురు పోయేది. చెప్తూ చెప్తూ బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగాను.

"అంతా బాగనే ఉండాది భాయ్" అన్నాడు మా ఆయన బల్ల కిందనుంచే. "చిన్నలైను ఇంజను ఈ పట్టాల మీద కూచోదు. అది గూడా చెప్పు దానికి."

సాయిబు నవ్వు ఆపాడు. "నిజమే చెల్లెమ్మా. దాని పట్టా నీ చిటికెనవేలంతే ఉంటాది. ఇది బొటనవేలంత. చేసినా మీ ఇంట్లో నిలబడల్సిందే గానీ నడవదు."

నేను రబ్బరు తిప్పుతూనే ఉన్నాను. మా ఆయన బల్ల కిందనుంచి లేచి మీట వేశాడు. మూడు ఇంజన్లూ పరుగెత్తాయి.

సాయిబు ఉగ్గాని తిని, బజ్జీ కొరుకుతూ చెప్పాడు. "ఇల్లు నచ్చినాది. ఈపొద్దు సాయంత్రం మగ్రిబు నమాజు అయినాక అంగట్లో ఉంటా. ఎవరికేం కావల్లనో కాగితం మీద రాసుకోని రాండి. ఈడ ఇన్నది ఆడికి పోయేలోపల మర్చిపోతాండా ఈ మధ్య. ఒక్క కాగితం తెస్తే అది చేస్తా. రెండు తెస్తే నంబరు ఉన్నది చేస్తా, నాకు సులువు."

అంటే మా ఆయన కాగితం పట్టుకొస్తే నా ఇంజను ఇక లేనట్టే. ఆయన కాగితం అప్పటికే జేబులో ఉంది.

అయినా ఆ మధ్యాహ్నం కూర్చుని రాశాను. నా జీవితంలో అంత పొడుగు రాయడం అదే మొదలు. చక్రాలు, మెట్టు, మజ్జిగ, బొగ్గు, పొగ ఏ కాలంలో ఏ వైపు వాలేదో, డ్రైవరు తలకు చుట్టుకున్న గుడ్డ ఏ రంగో. సగం తుడిచి మళ్లీ రాశాను. పట్టాలు మింగగా మిగిలిన రబ్బరు కూడా అయిపోయింది. మా ఆయన ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చున్నాడు. గంటసేపు ఒకే పేజీ. చివరికి చెయ్యి చాపాడు.

"చూపీ."

ఇచ్చాను. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. నాలుగు పేజీలకు చాలాసేపు పట్టింది.

"అవ్వ అని రాసినావేంది మళ్లా?"

"ఎనక చక్రం."

"ఈ మజ్జిగ సంగతి ఎప్పుడూ చెప్పలేదే నాకు."

"చిన్నలైను మజ్జిగ. నువ్వేం వింటావులే అని."

కాగితాలు మడిచి తిరిగి ఇచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు అంగడికి పోయాం. సాయిబు నా కాగితాలు బల్లదీపం కింద పెట్టి, కంటి అద్దంతో ఒక్కో వరుసా చదివాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. "నంబరు పలక ఖాళీగ పెట్టల్లనా?"

"అవును భాయ్. దాని మీద ఏదో ఉన్నది. నాకు మాత్రం ఏమీ లేనట్టే ఉండేది."

ఆయన తల ఊపి, మా ఆయన వైపు తిరిగాడు. "నీ కాగితం యాడప్పా?"

మా ఆయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టి వెతికాడు. "యాడనో పడిపోయినట్టుండాది భాయ్" అన్నాడు. ఆయన వేసుకున్నది పలుచటి తెల్లచొక్కా. పైజేబులోంచి తుపాకి గుండు మూతి, దాని మీది నక్షత్రం కనపడుతూనే ఉన్నాయి. నేను చూశాను. సాయిబు కూడా చూశాడు.

"పడిపోయినాదా? పోనీలే" అని సాయిబు నా కాగితాలను సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఎండాకాలం దాటనీ. చేస్తా."

తిరిగి వచ్చేటప్పుడు సిగ్నలు దగ్గర స్కూటరు ఆగినప్పుడు మా ఆయన వెనక్కి తిరగకుండా అన్నాడు. "నడవని ఇంజను తెచ్చుకోని ఏం చేస్తావు నువ్వు?"

"నడుస్తాది."

"యాడ?"

అప్పటికి నాకూ తెలియదు. "రేపు చూపిస్తా" అన్నాను.

మరునాడు పొద్దున ఆయన ఇంకా లేవకముందే కూరగాయల కత్తి, పెన్సిలు తీసుకుని మిద్దె మీదికి పోయాను. బల్ల మీద ఇంకో లైను పట్టే చోటు ఎక్కడుందా అని అటూ ఇటూ నుంచి చూశాను. ఒక మూల నుంచి ఇంకో మూలకు చక్కగా దారి ఉంది గానీ, నడుమ ఆయన పోయిన వేసవంతా కూర్చుని థర్మాకోలుతో కట్టిన గుట్ట అడ్డం. నా చిటికెనవేలు పట్టాలకు కొలతగా పెట్టి రెండు గీతలు గీశాను. వాటికి రెండు పక్కలా ఇంజను ఒరుసుకోకుండా ఇంకొంచెం చోటు వదిలాను. గుట్ట అడుగున కత్తి పెట్టి కోయడం మొదలుపెట్టాను. తెల్లటి పొడి ఎర్రమట్టి మీద రాలుతూ ఉంది.

ఆయన లుంగీతో, టీ గ్లాసుతో గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మే, అది నా గుట్ట."

"నీ గుట్ట యాడికీ పోదులే. అడుగున సందు చేస్తాండా."

కాసేపు చూశాడు. "అట్ల కోస్తే పైన కూలిపోతాది. కత్తి ఇటియ్యి."

నేనివ్వలేదు. కింద వంటింట్లో ఇంకో కత్తి ఉంది, కావాలంటే అది తెచ్చుకుని ఆ పక్కనుంచి కోసుకుంటూ రమ్మన్నాను.